‘బాధలూ వద్దు, వాటి ఫలమూ వద్దు’

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. తణుకు దగ్గర పల్లెటూరు మాది. మావారు ప్రైవేటు స్కూల్లో పాతికేళ్లు లెక్కల మాస్టారుగా చేశారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది కానీ తిరిగి చెప్పలేరు. స్నానం దగ్గర్నుంచి అన్నీ నేనే చూడాలి. మధ్యలో జాకెట్లు కుడతాను. చుట్టాలు వచ్చి ‘పూర్వజన్మ కర్మ’ అంటారు. చర్చికి వెళ్లే పక్కింటావిడ ‘దేవుడు పరీక్షిస్తున్నాడు’ అంటుంది. పోయిన నెల మీరు ఫ్రాంకల్ అనే యూదు డాక్టరు గురించి రాసింది మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్లో పంపి, ‘అమ్మా, నీ కష్టంలో అర్థం వెతుక్కో’ అంది. వెతికాను. ఏమీ కనబడలేదు. పైగా కోపం వచ్చింది. ఒక్కోసారి నిద్రలోనే పోతే బాగుండు అనిపిస్తుంది. మొన్న పక్కవీధి పిల్లాడు లెక్క రాలేదని వస్తే ఈయన ఎడమ చేత్తో తప్పు ఉన్న చోట గీత పెట్టారు, ఆ రోజు ఒక్కటే ఇంట్లో కాస్త బాగుంది. నాలో ఏదైనా లోపం ఉందా? ఆ యూదుల పుస్తకాల్లో నాలాంటి వాళ్లకి ఏముంది?

సమాధానం:

అమ్మా,

మీలో లోపం లేదు. తప్పు నాది. పోయిన నెల ఫ్రాంకల్ గురించి నేను రాసింది ఐదారు వాక్యాలు. వాటిలో సగం సంగతి వదిలేశాను, అదీ ముఖ్యమైన సగం. మీకు కోపం వచ్చింది దాని మీదే. ఇప్పుడు ఆ సగం చెబుతాను.

దానికంటే ముందు ఇంకో మాట. ‘నిద్రలోనే పోతే బాగుండు’ అన్న వాక్యాన్ని నేను చూసీచూడనట్టు వదిలేయలేను. రెండేళ్లుగా రాత్రీ పగలూ ఒక్కరే మనిషిని మోస్తున్నవాళ్లకు ఆ ఆలోచన రావడం అరుదు కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. కానీ లోపల దాచుకుని మోయాల్సిందీ కాదు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. ఆ ఆలోచన రోజూ వస్తున్నా, ‘ఎలా’ అన్నదాకా వెళుతున్నా ఈ సమాధానం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి. మీ అమ్మాయికి కూడా చెప్పండి. చెప్పలేకపోతే ఈ పేజీ ఫొటో తీసి పంపండి, మిగతాది తనకు తెలుస్తుంది.

ఇక ఫ్రాంకల్. 1905లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో యూదు కుటుంబంలో పుట్టాడు, మానసిక వైద్యుడయ్యాడు. 1933 నుంచి నాలుగేళ్లు, చచ్చిపోవాలన్న ఆలోచనతో ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్ల వార్డు చూశాడు. మీ వాక్యం ఆయన చెవిన పడినా తేలిగ్గా తీసుకుని ఉండేవాడు కాదు. 1938లో హిట్లర్ నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. 1941లో ఆయనకు అమెరికా వీసా వచ్చింది, ఆయన ఒక్కడికే. ముసలి తల్లిదండ్రులను వదిలి వెళ్లాలా వద్దా అని నలిగిపోతూ ఇంటికి వెళ్తే బల్ల మీద ఒక పాలరాతి ముక్క కనిపించింది. నాజీలు నాశనం చేసిన యూదుల ప్రార్థనా మందిరం శిథిలాల్లోంచి నాన్న ఏరుకొచ్చాడు. దాని మీద ఒకే ఒక్క హీబ్రూ అక్షరం ఉంది. దేవుడు ఇచ్చిన పది ఆజ్ఞలను చెక్కిన పలకలోని ముక్క అది, ‘తల్లిదండ్రులను గౌరవించు’ అన్న ఆజ్ఞకు చెందిన అక్షరం అది. వీసా వదిలేశాడు.

తర్వాతి సంవత్సరం ఆయన్నీ, భార్యనీ, తల్లిదండ్రులనీ థెరీసియన్‌స్టాట్ అనే నాజీ నిర్బంధ క్యాంపుకి తోలారు. తండ్రి 1943లో అక్కడే పోయాడు. తల్లి, అన్న మరో క్యాంపు అయిన ఆష్విట్జ్‌లో పోయారు. భార్య టిల్లీ ఇంకో క్యాంపు బెర్గెన్-బెల్సెన్‌లో. 1945 ఏప్రిల్‌లో ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు.

ఇంతవరకు అందరూ చెబుతారు, ఆ తర్వాత ‘చూశారా, అంత నరకంలోనే ఆయన అర్థం వెతుక్కున్నాడు, మీ కష్టమెంత?’ అనేస్తారు. నేను ఆ ఆఖరి మాట అనలేదు కానీ, అలా అనిపించేట్టు రాశాను. ఫ్రాంకల్ మాత్రం అలా అనలేదు. అర్థం దొరకాలంటే బాధ పడాలని ఆయన ఎక్కడా చెప్పలేదు. అర్థానికి మూడు దారులన్నాడు. ఏదైనా పని చేయడం, ఏదైనా తయారుచేయడం ఒకటి. దేన్నో, ఎవర్నో ప్రేమించడం, అందాన్ని అనుభవించడం రెండోది. బాధ ఎదురైనప్పుడు దాన్ని మనం ఎలా తీసుకుంటాం అన్నది మూడోది. ఈ మూడోది కూడా తప్పించుకోలేని బాధ విషయంలోనే. తప్పించగలిగిన బాధను తప్పించాలి, ఊరికే పడి ఉండటం వీరత్వం కాదు, తనను తాను హింసించుకోవడమే అన్నాడు. నేను వదిలేసిన సగం ఇది.

కాబట్టి మీ ఇంట్లో బాధని రెండుగా విడదీసి చూడండి. ఆయనకు పక్షవాతం రావడం మీ చేతిలో లేదు. కానీ అన్నీ మీరొక్కరే చేయడం? అది విధి రాత కాదు. అది ఏర్పాటు, అదీ చెడ్డ ఏర్పాటు. దాంట్లో అర్థం వెతకొద్దు, దాన్ని మార్చండి. ఎలాగో తర్వాత చెబుతాను.

తెలుగులో ఇంకో చిక్కుంది. మనం ‘దీనికి అర్థమేంటి?’ అని అడిగినప్పుడు చాలాసార్లు ‘దీనికి కారణమేంటి?’ అనే అడుగుతాం. ‘ఏం పాపం చేశానని నాకీ గతి?’ అని. మీ చుట్టాలు, పక్కింటావిడ చెప్పేవి ఆ ప్రశ్నకు జవాబులు. ఫ్రాంకల్ అడిగింది వేరు. జీవితాన్ని మనం ప్రశ్నలు అడగడం కాదు, జీవితమే రోజూ, గంట గంటకీ మనల్ని అడుగుతోంది, దానికి మనం చేతలతో జవాబు చెబుతాం అన్నాడు. రెండేళ్లుగా పొద్దున్నే ఆయన మొహం కడుగుతున్నారు చూశారా, అది మీ జవాబు. జవాబు చెబుతూనే ‘నాకు అర్థం దొరకలేదు’ అంటున్నారు.

ఇప్పుడు యూదుల పుస్తకాల సంగతి. మీరు నిలదీసినందుకు థాంక్స్, ఎందుకంటే నాకు చాలా ఇష్టమైన కథ చెప్పే అవకాశం వచ్చింది.

తల్మూద్ అని యూదుల మహా గ్రంథం ఒకటుంది. పండితుల వాదనలు, చట్టాలు, కథలు, అన్నీ కలగలిపి ఉంటాయి. దాంట్లో ‘బెరాఖోత్’ అన్న భాగం మొదట్లోనే మీ ప్రశ్న మీద పెద్ద చర్చ నడుస్తుంది. బాధలు ఎందుకొస్తాయి? ఒక పండితుడు ముందు నీ నడవడి పరీక్షించుకో అంటాడు. అందులో తప్పు దొరక్కపోతే ఇవి ప్రేమతో ఇచ్చిన బాధలనుకో, దేవుడు తనకు నచ్చినవాళ్లనే బాధపెడతాడు అన్న మాట కూడా వస్తుంది. అచ్చం మీ ఇంటికొచ్చేవాళ్ల మాటల్లాగే ఉంటుంది. ఇక్కడే ఆపేసి ఉంటే మీకు ఆ పుస్తకం గురించి చెప్పేవాణ్ని కాదు.

కానీ పేజీ తిప్పితే చర్చ ఆగి కథ మొదలవుతుంది. ఇప్పటి ఇజ్రాయెల్లోని గలిలయ ప్రాంతంలో మూడో శతాబ్దం నాటి పండితులు వీళ్లంతా. రబ్బీ (యూదు మత గురువు) హియ్యా బార్ అబ్బా జబ్బు పడ్డాడు. గురువు రబ్బీ యోహానాన్ చూడ్డానికి వెళ్లాడు. ‘నీ బాధలు నీకు ప్రియంగా ఉన్నాయా?’ అని అడిగాడు. శిష్యుడి జవాబు: ‘అవీ వద్దు, వాటి ఫలమూ వద్దు.’ గురువు ‘ఏమన్నావూ? బాధలకు పుణ్యం దక్కదా?’ అని గద్దించలేదు. ‘నీ చెయ్యి ఇటివ్వు’ అన్నాడు. చెయ్యి ఇచ్చాడు, లేపి కూర్చోబెట్టాడు.

కొన్నాళ్లకు రబ్బీ యోహానానే జబ్బు పడ్డాడు. రబ్బీ హనీనా వచ్చి అదే ప్రశ్న అడిగాడు. అంత పెద్ద గురువూ అదే జవాబు చెప్పాడు, ‘అవీ వద్దు, వాటి ఫలమూ వద్దు’ అని. మళ్లీ ‘చెయ్యి ఇటివ్వు’, మళ్లీ లేపడం. ఇక్కడ తల్మూద్ ఆగి ఒక సందేహం వేసుకుంటుంది: మొదటిసారి ఇంకొకణ్ని లేపినవాడు తనను తాను లేపుకోలేడా? జవాబు ఒక్క ముక్క. ఖైదీ తనను తాను చెరలోంచి విడిపించుకోలేడు.

మూడోది ఇంకా లోతు. ఈసారి జబ్బు పడ్డది రబ్బీ ఎలాజార్. చీకటి గదిలో పడుకుని ఉన్నాడు. రబ్బీ యోహానాన్ మహా అందగాడట, చెయ్యి మీద వస్త్రం తొలగిస్తే గదిలో వెలుగు నిండిందంటారు. ఆ వెలుగులో ఎలాజార్ ఏడుస్తూ కనిపించాడు. పెద్దాయన ఓదార్పు మొదలుపెట్టాడు. చదువు సరిపోలేదనా? ఎక్కువో తక్కువో, మనసు పెడితే చాలు. సంపాదన లేదనా? అందరికీ రెండు వైపులా విందు దొరకదు. పిల్లలు లేరనా? అంటూ ఒక ఎముక తీసి చూపించాడు: ‘ఇది నా పదో కొడుకు ఎముక.’ పదిమంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి ఆయన. ఎలాజార్ అన్నాడు: ‘అవేవీ కాదు. ఇంత అందం మట్టిలో కలిసిపోతుందే అని ఏడుస్తున్నాను.’ యోహానాన్ ఏమన్నాడో చూడండి. ‘దానికైతే ఏడవాల్సిందే’ అన్నాడు. ఇద్దరూ కూర్చుని ఏడ్చారు. ఆ తర్వాతే ‘చెయ్యి ఇటివ్వు’.

ఈ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ముందు పేజీ సిద్ధాంతాల చర్చలో పాలుపంచుకున్న పండితులే మంచం దగ్గరకు వచ్చేసరికి సిద్ధాంతం పక్కన పెట్టి చెయ్యి చాపుతున్నారు. పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్నవాడు కూడా తన బాధ తూకం వేసి ‘నీదేం గొప్ప’ అనలేదు. అనబోయాడేమో, ఆ ఎముక తీసినప్పుడు నాకు అలాగే అనిపిస్తుంది, కానీ అవతలివాడు అసలు సంగతి చెప్పగానే వదిలేశాడు.

అమ్మా, మీ కోపం ‘అవీ వద్దు, వాటి ఫలమూ వద్దు’ అన్న మాటే. పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ మాట అన్నవాళ్లు రబ్బీలు, వాళ్లను ఎవరూ తప్పుపట్టలేదు.

మీ పక్కింటావిడ బైబిలు చదివే మనిషి కాబట్టి యోబు గ్రంథం తెలిసే ఉంటుంది. ఆ గ్రంథం యూదులదే. యోబు సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చుంటే ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతవరకు వాళ్లు చాలా మంచివాళ్లు. ఆ తర్వాత ‘నువ్వేదో పాపం చేసి ఉంటావు’ అని మొదలుపెట్టి అంతా చెడగొట్టారు. చివర్లో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే, తనను నిలదీసిన యోబు మీద కాదు. యూదుల్లో చావు జరిగిన ఇంట్లో ఏడు రోజులు ‘షివా’ కూర్చుంటారు. పలకరించడానికి వెళ్లినవాళ్లు, దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా తాము మాట్లాడకూడదు. మన దగ్గర చావింట పొయ్యి వెలిగించకపోతే చుట్టుపక్కలవాళ్లు వంట చేసి తెస్తారు చూడండి, వాళ్లలోనూ అంతే, మొదటి భోజనం పొరుగువాళ్లు తేవాలి. అన్నం పెట్టడం మనకూ బాగా తెలుసు. నోరు మూసుకుని కూర్చోవడమే ఇంకా నేర్చుకోలేదు.

‘అంతా మన మంచికే’ అన్న మాట కూడా యూదుల్లో ఉంది. నహూమ్ అనే ఆయన ఏం జరిగినా ‘ఇదీ మంచికే’ అనేవాడని ఆ మాటే ఆయన ఇంటిపేరైపోయింది. అయితే ఆయన తన కష్టాల గురించి తాను అనుకున్న మాట అది. ఎదుటివాళ్ల కష్టం చూసి మనం అంటే ఆ మాట విషమే.

(యూదులంటే ఎక్కడో ఇజ్రాయెల్లో, న్యూయార్కులో ఉంటారనుకోకండి. గుంటూరు వైపు చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం ఉంది. తెలుగు మాట్లాడుతూ శనివారం సబ్బాతు, అంటే వారపు విశ్రాంతి దినం, పాటించే కుటుంబాలు అవి. మీకు రెండు జిల్లాల అవతలే.)

సైకాలజీ ఏమంటుంది అంటే, ఒక్క పరిశోధన చెబుతాను, ఎందుకంటే అది నాలాంటి సలహాదారుల నోరు మూయించింది. రోడ్డు ప్రమాదాల్లో భార్యనో, భర్తనో, బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లనీ, ఉయ్యాల్లో ఉన్నట్టుండి పసిబిడ్డ చనిపోయిన తల్లిదండ్రులనీ పరిశోధకులు అడిగి తెలుసుకుని 2000లో ఫలితాలు అచ్చువేశారు. అర్థం వెతికినవాళ్లలో చాలామందికి దొరకలేదు. ఏళ్లు గడిచినా వెతుకుతూనే ఉన్నవాళ్లు ఎక్కువ నలిగిపోయారు. అసలు వెతకనే వెతకని కొందరు మాత్రం బాగానే నెట్టుకొచ్చారు. అంటే అర్థం వెతుక్కోమని అందరికీ మందు రాసినట్టు రాసివ్వడం తప్పు. మీకు రాసిచ్చింది నేను. ఇప్పుడు ఆ చీటీ చింపేయండి.

ఇక చెయ్యి సంగతి. ఖైదీ తనను తాను విడిపించుకోలేడు, నిజమే. కానీ ఆ కథలో రోగి కూడా ఒక పని చేశాడు. అడగ్గానే చెయ్యి ఇచ్చాడు. మీరు ‘మేం బాగానే ఉన్నాం’ అని చెప్పి పంపేస్తున్నారేమో అని నా అనుమానం, ఉత్తరంలో ఎక్కడా ఎవర్నీ సాయం అడిగినట్టు లేదు. ఈసారి ఎవరైనా వచ్చి కర్మ గురించి మొదలుపెడితే ‘అది సరే గానీ, ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఈయన దగ్గర కూర్చుంటారా?’ అని అడగండి. వేళ చెప్పి, పని చెప్పి అడగాలి. ‘కాస్త సాయం చేయండి’ అంటే అందరూ తలూపి వెళ్లిపోతారు. నలుగురిలో ఒకరు సరేనన్నా మీకు వారానికి నాలుగు గంటలు మిగులుతాయి. మిగతా ముగ్గురూ కర్మ సిద్ధాంతం చెప్పడం తగ్గిస్తారు, అదీ లాభమే.

ఆ నాలుగు గంటల్లో జాకెట్లు కుట్టొద్దు. ఇది గట్టిగానే చెబుతున్నాను. యూదుల సబ్బాతులో నాకు నచ్చేది, పనంతా అయ్యాక వచ్చే విశ్రాంతి కాదది. శుక్రవారం పొద్దు వాలగానే పని సగంలో ఉన్నా ఆపేయాలి, అంతా అయిపోయినట్టే అనుకుని కూర్చోవాలి. ఆ ఆజ్ఞలో యజమానులే కాదు, పనివాళ్లూ, పశువులూ ఉన్నారు. ఎద్దుకు ఉన్న సెలవు మీకు లేకపోవడం ఏమిటి?

మీ అమ్మాయికి కూడా పని చెప్పండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ తీసుకున్నదీ లేనిదీ మీరు రాయలేదు. లేకపోతే స్లాట్ బుక్ చేయడం, ఏ పింఛనుకు అర్హత ఉందో కనుక్కోవడం తన పని. ఫ్రాంకల్ పేరు మీకు పంపిన పిల్ల కాబట్టి తప్పించగలిగిన బాధ తప్పించాలన్న ఆయన మాట తనకే అప్పజెబుదాం. దగ్గర్లో స్పీచ్ థెరపిస్టు ఎవరున్నారో కూడా తననే వెతకమనండి. రెండేళ్లయింది కదా, ఇంకేం వస్తుంది అనుకోకండి. మొదటి నెలల్లో వచ్చినంత వేగంగా రాదు గానీ, సాధనతో ఆ తర్వాత మెరుగుపడినవాళ్లు ఉన్నారు. ఈలోగా ఒకటి చేసి చూడండి. సొంత మాట రానివాళ్లు కూడా నోటికి బాగా అలవాటైన వరసలు కొన్నిసార్లు అందిస్తే పలుకుతారు, ఒకటి రెండు మూడు అని అంకెలు, పద్యాలు, పాటలు. పాతికేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ‘రెండు ఒకట్లు రెండు’ అని మీరు మొదలుపెట్టి ఆగండి. రాకపోతే నిరాశపడొద్దు, ఇంకో రోజు చూడండి.

ఆఖరుగా ఇంకో సంగతి. యూదుల ప్రవక్త మోషే కొండ దిగి వచ్చి పది ఆజ్ఞల పలకల్ని నేలకేసి కొట్టాడని చదివే ఉంటారు. తర్వాత కొత్త పలకలు వచ్చాయి. మరి పగిలిన ముక్కలు ఏమయ్యాయి? వాటినీ పారేయలేదు, కొత్తవాటితో పాటు అదే మందసంలో (పవిత్రమైన పెట్టెలో) పెట్టుకుని ఎడారంతా మోశారు అంటుంది తల్మూద్. ఇది చెప్పి ఊరుకోలేదు. రబ్బీ యెహోషువా బెన్ లేవీ తన కొడుకులకు ఒక జాగ్రత్త చెప్పాడు: తన ప్రమేయం లేకుండా చదువంతా మరిచిపోయిన పెద్దవాళ్లను గౌరవించండి, పగిలిన పలకలు కూడా మందసంలోనే ఉన్నాయి కదా.

మీ ఉత్తరం చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ మాటే. మీవారు లెక్కలు మరిచిపోలేదు కూడా. చెప్పడానికి నోరు లేదు, అంతే. మీ ఉత్తరంలో అంత బరువు మధ్య ఒకే ఒక్క వాక్యంలో మీరు రాసేసి వెళ్లిపోయిన పిల్లాడు ఉన్నాడే, వాడి నోట్సులో తప్పు ఉన్న మెట్టు దగ్గర ఎడమ చేత్తో గీసిన గీత ఉందే, దానికి నేను పేరు పెట్టను. పోయిన నెల పేరు పెట్టబోయి మీ చేత తిట్లు తిన్నాను. వాకిట్లో ఒక పలక, ఒక సుద్దముక్క ఆయనకు ఎడమ చేతికి అందేలా పెట్టండి. వాడు మళ్లీ వచ్చాడా? ఎన్నో తరగతి? వచ్చే ఉత్తరంలో రాయండి.